ఓనరుపై కోర్టుకు వెళ్లాలనుకునే కిరాయిదారులకు: హైదరాబాద్‌లో దరఖాస్తు విధానం

అడ్వాన్స్ తిరిగి ఇవ్వకపోయినా, కరెంటు కట్ చేసినా, తాళం వేసినా చాలామంది ముందుగా అడిగేది ఒకటే: రెంట్ కంట్రోలర్ (కిరాయి నియంత్రణ చట్టం కింద గొడవలు విచారించే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చా? నగరంలో ఈరోజు కిరాయికి ఉంటున్న వాళ్లలో ఎక్కువమందికి ఆ తలుపు తెరుచుకోదు. అది తెలియక పిటిషన్ వేసి, విచారణాధికారం లేదంటూ అది కొట్టివేతకు గురయ్యాక మళ్లీ మొదటికొస్తారు. ఈలోగా నెలలు పోతాయి, సివిల్ కోర్టులో ఉన్న గడువులూ కరిగిపోతాయి. అందుకే ముందు మీ కేసు ఏ కోర్టుదో తేల్చుకోండి.

ఏ కోర్టు?

కిరాయి నియంత్రణ చట్టం 1960 నాటిది. భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయించడం గురించిన ఈ చట్టమే తెలంగాణలో ఇప్పటికీ నడుస్తోంది. 2005లో దీన్ని సవరించారు. దాని ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 రూపాయలు దాటిన భవనాలకు ఈ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలకూ వర్తించదు. మిగిలేది పాత ఇళ్లలోని చిన్న పోర్షన్లు, ఏళ్లుగా తక్కువ కిరాయికి సాగుతున్న ముల్గీలు (షాపు గదులు). వీటికి సిటీ స్మాల్ కాజెస్ కోర్టు జడ్జీలే రెంట్ కంట్రోలర్లు.

12 వేలో, 25 వేలో కట్టే మిగతా అందరికీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, మామూలు సివిల్ కోర్టు. ఇల్లు ఎక్కడుంటే కేసు అక్కడ. నగరం నడిబొడ్డున ఉంటే సిటీ సివిల్ కోర్టు, సికింద్రాబాద్ వైపు ఉంటే అక్కడి వేరే కోర్టులు, శివార్లలో ఇంటి చిరునామాను బట్టి ఎల్బీ నగర్, కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి కోర్టులు. జీహెచ్ఎంసీ పరిధిలో ఉన్నంత మాత్రాన సిటీ సివిల్ కోర్టు కాదు. ఇల్లు ఏ జిల్లాలో ఉందో చూసుకోవాలి.

నోటీసుల్లో తరచూ కనిపించే ఒక పొరపాటు: 'ఇంటికి రెండు నెలల కన్నా ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదు' అని రాయడం. ఆ మాట కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టంలోది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. దాన్ని ఉటంకిస్తే ఓనరు వకీలుకు మొదటి జవాబు మీరే అందించినట్టు.

కాగితాలు

కిరాయి అగ్రిమెంటు, అడ్వాన్స్ ఇచ్చినట్టు రుజువు, కిరాయి చెల్లింపుల బ్యాంకు స్టేట్‌మెంట్, ఆ చిరునామాతో ఉన్న గ్యాస్ బుక్కు లేదా ఆధార్, కరెంటు బిల్లులు. ఇవి లేకుండా ఎవరి దగ్గరికి వెళ్లినా ఫలితం ఉండదు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ కన్నా బ్యాంకు స్టేట్‌మెంట్ మేలు. వాట్సాప్ సంభాషణ రుజువుగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మీరు సంతకం చేసే భాగం ఒకటి, నిపుణుడు సంతకం చేసే భాగం మరొకటి. కాబట్టి చాట్‌ను డిలీట్ చేయకండి, కేసు ముగిసేదాకా ఆ ఫోన్‌ను మార్చకండి.

అగ్రిమెంటును మామూలుగా 11 నెలలకే రాస్తారు. గడువు ముగిసినా కిరాయి తీసుకుంటూ ఉంటే అది నెలవారీ కిరాయిగా కొనసాగుతుంది. దాన్ని ముగించడానికి ఓనరైనా మీరైనా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు ముగిసిందని ఓనరు తనంతట తాను మిమ్మల్ని బయటికి గెంటలేడు, కోర్టు ఆర్డరు తెచ్చుకోవాల్సిందే. ఇక స్టాంపు సంగతి. 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకోవడం అలవాటే కానీ, లీజు స్టాంపు డ్యూటీని మొత్తం కిరాయిని బట్టి లెక్కిస్తారు. తక్కువైతే కోర్టు ఆ కాగితాన్ని పక్కనపెట్టి, మిగతా డ్యూటీతో పాటు పది రెట్ల దాకా జరిమానా కట్టమంటుంది. అప్పటిదాకా దాన్ని రుజువుగా చూడదు. కేసు వేయకముందే వకీలు చేత ఇది చూపించుకోండి.

ఓనరు ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. కిరాయి భర్త తీసుకుంటాడు, ఇల్లు భార్య పేరున ఉంటుంది. ఫిర్యాదు మాత్రం భర్త మీదే వేస్తారు, కేసు అక్కడే చిక్కుపడుతుంది. ఆస్తి పన్ను రసీదు మీదుండే పది అంకెల పీటీఐఎన్ నంబరుతో జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లో ఇంటి యజమాని పేరు చూడొచ్చు. అనుమానం ఉంటే రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) తీసుకోండి. ఇద్దరినీ ప్రతివాదులుగా చేరిస్తే ఆ గొడవ ఉండదు.

లీగల్ నోటీసు

ప్రైవేటు వ్యక్తి మీద కేసు వేయడానికి ముందు నోటీసు తప్పనిసరి కాదు. అయినా పంపండి. అడ్వాన్స్ వాపసు కోరేటప్పుడు నోటీసులో 'ఫలానా తేదీ నుంచి ఇంత వడ్డీ కోరతాను' అని స్పష్టంగా రాయాలి. 1978 నాటి వడ్డీ చట్టం ప్రకారం, అగ్రిమెంటులో వడ్డీ మాట లేకపోయినా నోటీసులో చెప్పిన తేదీ నుంచి వడ్డీ అడగొచ్చు. ఆ ఒక్క వాక్యం మరిచిపోతే, కేసు వేసేదాకా గడిచిన కాలానికి వడ్డీ దక్కడం కష్టం.

నోటీసులో ఇవి ఉండాలి: ఇంటి నంబరు, అంతస్తు, చేరిన తేదీ, ఇచ్చిన అడ్వాన్స్, ఖాళీ చేసి తాళం చెవులు ఇచ్చిన తేదీ, ఓనరు మినహాయించుకున్న మొత్తాలు, వాటిలో మీరు ఒప్పుకునేవి, ఒప్పుకోనివి, చెల్లించడానికి 15 రోజుల గడువు. పెయింటింగ్‌కు నెల కిరాయి పట్టుకుంటామని అగ్రిమెంటులో సంతకం చేసి ఉంటే దాని మీద పోట్లాడకండి, నిజంగా అన్యాయంగా పట్టుకున్న సొమ్ము మీదే నిలబడండి. తిట్లు, బెదిరింపులు రాయకండి. జడ్జి చదివే మొదటి కాగితం ఇదే.

రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపారు. కౌంటర్‌లో రిజిస్ట్రేషన్‌తో పాటు డెలివరీ రుజువు కూడా కావాలని అడగండి. ఓనరు తీసుకోకపోతే కవరు 'రెఫ్యూజ్డ్' అని తిరిగొస్తుంది. దాన్ని తెరవకుండా అలాగే దాచండి. సరైన చిరునామాకు పంపిన నోటీసును కావాలని తిప్పిపంపితే, అందినట్టే కోర్టు భావిస్తుంది.

కరెంటు, నీళ్లు ఆపితే, తాళం వేస్తే

ఇక్కడ రోజులు లెక్క. కిరాయి బాకీ ఉన్నా సరే, చట్టం చేయాల్సిన పనిని ఓనరు తన చేతుల్లోకి తీసుకోకూడదు. కరెంటు కనీస అవసరమనీ, ఓనరు నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న సాకుతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించకూడదనీ 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు కరెంటు సంస్థ హెల్ప్‌లైన్ 1912కు ఫిర్యాదు చేసి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. యూఎస్‌సీ నంబరు (మీ కరెంటు కనెక్షన్ నంబరు) ఉన్న చివరి బిల్లు, కట్టిన రసీదు దగ్గరుంచుకోండి. తీసేసిన ఫ్యూజు, మూసిన సంపు వాల్వు ఫొటోలు తేదీ కనబడేలా తీయండి. బిల్లు బకాయి మీదే అయితే ముందు అది కట్టండి, లేదంటే తర్వాత వేసే పిటిషన్ బలహీనపడుతుంది.

పోలీస్ స్టేషన్‌లో 'ఇది సివిల్ మ్యాటర్' అని పంపించేయడం మామూలే. అడ్వాన్స్ గొడవ సివిలే. అందుకే ఆ సంగతి ఫిర్యాదులో కలపకండి. తాళం పగలగొట్టడం, సామాను బయటపడేయడం, దారి అడ్డగించడం, బెదిరించడం మాత్రమే రాయండి. ఇవి భారతీయ న్యాయ సంహితలో నేరాలు: అడ్డగించడం సెక్షన్ 126, అక్రమ చొరబాటు 329, బెదిరింపు 351. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద 'అందినది' అని ముద్ర, తేదీ వేయించుకోండి. కేసు నమోదు చేయకపోతే అదే ఫిర్యాదును పోస్టులో డీసీపీకి పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లొచ్చు.

సివిల్ కోర్టులో దారి మీరు ఇంట్లో ఉన్నారా, బయట ఉన్నారా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే.

ఇంట్లోనే ఉంటే శాశ్వత ఇంజంక్షన్ (ఓనరును అడ్డుకునే కోర్టు నిషేధ ఉత్తర్వు) దావా వేయాలి. దానితో పాటు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 1, 2 కింద తాత్కాలిక ఇంజంక్షన్ కోసం ఒక ఐఏ (దావాలో భాగంగా వేసే మధ్యంతర దరఖాస్తు), దానికి మీ ప్రమాణ పత్రం జతచేయాలి. కోరాల్సింది 'చట్టప్రకారం కాకుండా నన్ను ఖాళీ చేయించరాదు' అన్న ఒక్క మాటే. ఓనరు నన్ను ఎప్పటికీ ఖాళీ చేయించకూడదన్నట్టు అడిగితే కోర్టు ఇవ్వదు. దావాకు జతచేసే షెడ్యూలులో ఇంటి నంబరు, అంతస్తు, పోర్షన్, తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు ఉండాలి. ఒకే ఇంట్లో నాలుగు పోర్షన్లుంటే హద్దులు రాయని షెడ్యూలుతో వచ్చే ఆర్డరు ఏ పోర్షన్‌కో తెలియక పోలీసులు చేతులెత్తేస్తారు.

ఓనరు రాకముందే ఆర్డరు వస్తే సంబరపడి ఇంటికి వెళ్లకండి. రూల్ 3 ప్రకారం దావా, ప్రమాణ పత్రం, దస్తావేజుల ప్రతులను ఓనరుకు వెంటనే పంపి, పంపినట్టు ఆ రోజో మర్నాడో కోర్టుకు ప్రమాణ పత్రం ఇవ్వాలి. ఇది చేయలేదన్న ఒక్క కారణంతో ఆర్డరును రద్దు చేయమని ఓనరు వకీలు అడుగుతాడు. ఆర్డరు ఉన్నా ఓనరు మీరితే రూల్ 2ఏ కింద పిటిషన్ వేయొచ్చు, మూడు నెలల దాకా సివిల్ జైలు ఉంటుంది.

ఇప్పటికే బయట పడి ఉంటే ఇంజంక్షన్ దావా పనికిరాదు, ఎందుకంటే ఇల్లు మీ స్వాధీనంలో లేదు. అప్పుడు 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం సెక్షన్ 6 కింద స్వాధీనం కోరాలి. గడువు బయటికి నెట్టిన రోజు నుంచి ఆరు నెలలు. ఇక్కడ హక్కు పత్రాలు చూపాల్సిన పని లేదు. మీరు ఆ ఇంట్లో ఉన్నారని, చట్టప్రకారం కాకుండా మిమ్మల్ని తీసేశారని రుజువు చేస్తే చాలు. ఈ తీర్పుపై అప్పీలు కూడా ఉండదు. ఇంత బలమైన దారిని 'పెద్దమనుషుల్లో మాట్లాడుతున్నాం' అంటూ ఆరు నెలలు దాటించి పోగొట్టుకోకండి.

కిరాయి తీసుకోకపోతే

ఖాళీ చేయించే కారణం దొరకాలని కొందరు ఓనర్లు కిరాయి తీసుకోవడం మానేస్తారు. తీసుకోవట్లేదు కదా అని మీరూ ఊరుకోకండి. సివిల్ కోర్టు పరిధిలోని ఇంటికైతే ప్రతి నెలా గడువులోపే బ్యాంకులో వేయండి. వెనక్కి పంపితే ఆ ఎంట్రీ ఉన్న స్టేట్‌మెంటే మీ సాక్ష్యం.

1960 చట్టం వర్తించే కిరాయిదారుకు వరుస ఖాయంగా ఉంది, ఒక్క మెట్టు కూడా దాటేయకూడదు. మొదట, పది రోజుల్లో ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని ఓనరుకు రాతపూర్వక నోటీసు. చెప్పకపోతే కమీషన్ మినహాయించి మనీఆర్డరు. అదీ తిప్పిపంపితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేసే పిటిషన్, ఆ తర్వాత ప్రతి నెలా అక్కడే జమ. మనీఆర్డరు మెట్టు వదిలి నేరుగా కంట్రోలర్ దగ్గర జమ చేస్తే, కావాలని ఎగ్గొట్టాడన్న ఆరోపణకు చోటిచ్చినట్టే. కరెంటో నీళ్లో ఆపినా ఈ చట్టం కింద పిటిషన్ రెంట్ కంట్రోలర్‌కే. ఆర్డరు నచ్చకపోతే 30 రోజుల్లో స్మాల్ కాజెస్ కోర్టు చీఫ్ జడ్జి దగ్గర అప్పీలు చేయాలి.

అడ్వాన్స్ కోసం ముందు లోక్ అదాలత్

ఎగ్గొట్టింది లక్ష లోపే అయితే నేరుగా దావాకు వెళ్లమని మేం చెప్పం. కోర్టు ఫీజు, వకీలు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు కలిపితే మిగిలేది తక్కువ. ముందు లోక్ అదాలత్‌లు నడిపే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కేసు వేయకముందే అక్కడ పిటిషన్ ఇవ్వొచ్చు, ఫీజు ఉండదు. తెల్ల కాగితం మీద కార్యదర్శి పేరున రాయండి. మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు, ఓనరువి, జరిగింది ఒక పేజీలో, కోరేది ఎంత సొమ్మో అంకెల్లో, జతగా కాగితాల జిరాక్సులు. వాళ్లు ఓనరుకు నోటీసు పంపి ఇద్దరినీ కూర్చోబెడతారు. ఒప్పందం కుదిరితే వచ్చే అవార్డు (రాతపూర్వక ఉత్తర్వు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు, ఓనరు కట్టకపోతే నేరుగా అమలు పిటిషన్ వేయొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలును కూడా ఇస్తారు. వివరాలకు 15100.

దీని బలహీనత ఒక్కటే: ఓనరు రాకపోతే బలవంతంగా రప్పించలేరు. రెండు వాయిదాలకూ రాకపోతే అక్కడ ఆగకండి. డబ్బు వసూలు దావాకు గడువు మూడేళ్లు, అడ్వాన్స్ తిరిగి ఇవ్వాల్సిన రోజు నుంచి లెక్క. లోక్ అదాలత్ చుట్టూ తిరిగిన నెలలను ఆ గడువు నుంచి తీసేస్తారని అనుకోకండి.

అమీర్‌పేటలోనో ఎస్సార్ నగర్‌లోనో హాస్టల్‌లో ఉన్నవాళ్ల సంగతి వేరు. భోజనం, శుభ్రం చేయడం లాంటివి కలిపి డబ్బు తీసుకునే చోటు కాబట్టి దాన్ని సేవగా చూపి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించింది ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. ఉట్టి ఇల్లు కిరాయికి తీసుకున్నవాళ్లు అక్కడికి వెళ్తే మాత్రం తిప్పిపంపే అవకాశమే ఎక్కువ.

దావా నంబరయ్యాక 16 అంకెల, అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి తీసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా, ఆ రోజు ఏం జరిగింది కనబడతాయి. సమన్లు అందిన 30 రోజుల్లో ఓనరు జవాబు ఇవ్వాలి, కోర్టు ఒప్పుకుంటే 90 రోజుల దాకా. సమన్లు 'ఇల్లు తాళం వేసి ఉంది' అని తిరిగొస్తే మీ వకీలుకు వెంటనే చెప్పి, కొత్త చిరునామాతో మళ్లీ ప్రాసెస్ ఫీజు (సమన్లు పంపడానికి కట్టే ఫీజు) కట్టించండి.