బ్రూయింగ్ సెటప్‌లో సెన్సార్ తిక్క రీడింగులు: 85, మైనస్ 127, ఇంకా మిగతావి

మేముండేది టెక్సాస్‌లో, గ్యారేజ్‌లో మూడు గిన్నెల బీరు సెటప్ ఉంది, నీళ్ళు కాగేది ఒకటి, మాష్ (నలగ్గొట్టిన బార్లీ మాల్ట్‌ని వేడి నీళ్ళలో నానబెట్టేది) ఒకటి, మరిగించేది ఒకటి, తలో డీఎస్18బీ20 టెంపరేచర్ సెన్సార్, అన్నీ ఒకే ఆర్డుయినోకి, అంటే హీటర్లని నడిపే చిన్న కంట్రోలర్ బోర్డుకి. ఇక్కడ 1978 ఫెడరల్ చట్టం పుణ్యమా అని ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి 200 గాలన్లు కాచుకోవచ్చు, ఇండియాలో మన ఊళ్ళో లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ వాళ్ళు గుమ్మంలో ఉంటారు, అది గుర్తుంచుకోండి.

సెన్సార్ తప్పు చెప్తే స్క్రీన్ మీద తప్పు నంబర్ కనబడి ఊరుకోదు, హీటర్ దాన్నే నమ్ముతుంది. ఒకసారి మాష్ 66 డిగ్రీల దగ్గర పెట్టి పిల్లాణ్ణి స్విమ్మింగ్‌కి దింపొచ్చా, వచ్చి మూత తీస్తే మొహం మీద ఆవిరి, గాజు థర్మామీటర్ ముంచితే 91. స్క్రీన్ మీద మాత్రం మైనస్ 127. కంట్రోలర్ పాపం ఇంత చలా అనుకుని హీటర్‌ని ఫుల్లుగా వదిలేసింది, పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు చచ్చాయి, మిగిలింది బార్లీ జావ.

మైనస్ 127 వస్తోంది

సెన్సార్‌ని చదివే ఆర్డుయినో లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) "సెన్సార్ పలకట్లేదు" అని చెప్పే పద్ధతి అది. అన్ని సెన్సార్లూ ఒకేసారి అలా అయితే డేటా వైరుకీ ప్లస్‌కీ మధ్య ఉండాల్సిన 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్ ఊడిందేమో, లేదా ఏదో ఒక సెన్సార్‌లో డేటా, గ్రౌండ్ షార్ట్ అయ్యాయేమో చూడండి, ఒక్కోటీ పీకుతూ పోతే ఏది పీకినప్పుడు మిగతావి లేచాయో అదే దొంగ.

ఒక్కటే అలా అయితే, అదీ మరుగుతున్నప్పుడే అయితే, లోపలికి నీళ్ళెళ్ళాయి. వాటర్‌ప్రూఫ్ అని అమ్మే స్టీల్ గొట్టం కొస బానే ఉంటుంది, వైరు బయటికొచ్చే వెనక వైపే ఆవిరి దూరుతుంది. నాదీ అదే, ఎండలో రెండ్రోజులు పెడితే మళ్ళీ పనిచేసింది, బాగైందని సంబరపడి వాడితే తర్వాతి బ్యాచ్‌లో మళ్ళీ పోయింది, అలాంటిది పారేయడమే. కొత్తది నేరుగా ముంచకుండా గిన్నెకి థర్మోవెల్ (లోపలి కొస మూసున్న స్టీల్ గొట్టం) బిగించి, కొద్దిగా థర్మల్ పేస్ట్ పెట్టి అందులో దూర్చండి.

ఇంకా ముఖ్యం, కోడ్‌లో రీడింగ్ 0 కంటే తక్కువైనా 110 దాటినా హీటర్ ఆఫ్ అని ఒక లైను రాయండి, నేను జావ తాగాక రాశాను.

సరిగ్గా 85.00 వస్తోంది

సెన్సార్ కరెంటు అందుకోగానే దాని మెమరీలో ఉండే నంబర్ 85, అసలు టెంపరేచర్ ఇంకా కొలవలేదన్నమాట. ఎర్ర వైరు లూజుగా ఉండి మధ్యలో పవర్ పోయొస్తోందా చూడండి, స్క్రూ టెర్మినల్‌లో వైరు పట్టి మెల్లగా లాగితే తెలిసిపోతుంది. వైరింగ్ బానే ఉంటే కోడ్ తొందరపడుతోంది, 12 బిట్ (అన్నిటికంటే సూక్ష్మమైన) రీడింగ్‌కి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, అప్పటిదాకా ఆగి అడగాలి. 85 వస్తే వదిలెయ్ అని కొందరు కోడ్ రాస్తారు కానీ నీళ్ళు మరుగుకి వెళ్ళేదారిలో నిజంగానే 85 దాటతాయి కదా, అందుకే ముందు వైరు బాగుచేయడమే నయం.

సెన్సార్ చెయ్యి కాలేంత వేడెక్కింది

ప్లస్, గ్రౌండ్ తిరగబడ్డాయి. వెంటనే పీకండి, కొన్ని బతుకుతాయి. ఎరుపు ప్లస్, నలుపు గ్రౌండ్, పసుపు డేటా అన్నది మామూలు లెక్కే కానీ చవక ప్రోబుల్లో రంగులు మారతాయి, అమ్మినవాడిచ్చిన కాగితం చూస్కోండి.

హీటర్ ఆన్ అయితే నంబర్లు గెంతుతున్నాయి

240 వోల్ట్ల వైరూ సెన్సార్ వైరూ ఒకే గొట్టంలో వేసుంటారు. విడదీయండి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, షీల్డ్ ఉన్న కేబుల్ అయితే షీల్డ్‌ని కంట్రోలర్ వైపు మాత్రమే గ్రౌండ్ చేయండి. ఈ పని బ్రేకర్ దించాకే సుమా.

హీటర్‌తో సంబంధం లేకుండా సెన్సార్లు వస్తూ పోతూ ఉంటే, బాక్స్ నుంచి మూడు పొడుగు వైర్లు మూడు దిక్కులకి లాగారా? ఈ సెన్సార్లన్నీ ఒకే డేటా వైరు మీద మాట్లాడే వన్-వైర్ పద్ధతికి అది పడదు. ఒకే మెయిన్ వైరు వేసి దాని దారిలో ఒక్కో సెన్సార్ తగిలించండి, లేదా ఆర్డుయినో మీద తలో పిన్ను, తలో రెసిస్టర్ ఇచ్చేయండి, నేను రెండోదే చేశా, బద్ధకం.

అన్నీ బానే ఉన్నాయి, రీడింగే ఒక డిగ్రీ తేడా

అసలైన చిప్‌కి కూడా అర డిగ్రీ అటూఇటూ ఉంటుంది, నకిలీవాటి సంగతి ఇంక చెప్పక్కర్లేదు. గ్లాసు నిండా దంచిన ఐసు, దాని సందుల్లోకి మాత్రం నీళ్ళు పోసి, ప్రోబ్ అడుక్కి తగలకుండా ఐసు మధ్యలో పెట్టి కలుపుతూ అయిదు నిమిషాలాగండి, 0 రావాలి. 0.8 వస్తే కోడ్‌లో 0.8 తీసేయండి. మూడిటికీ మూడు వేరే నంబర్లొస్తాయి, ఏది ఏ గిన్నెదో వైరు మీద టేపు అంటించి రాసుకోండి.