ఒక్క వాక్యం క్లూతో పాత స్టార్ ట్రెక్ ఎపిసోడ్ పట్టుకోవడం ఎలా?

"పదకొండుని ఆరుసార్లు వేసి గుణించారు, కెప్టెన్ ఛాతీ దాకా మునిగాడు." ఇది ఏ ఎపిసోడ్?

ఆదివారం రాత్రుళ్లు మేం ఐదారుగురం ఫోన్లో కలిసి ఆడే ఆట ఇది. మా బావమరిది, నా దగ్గర ఇంటర్ లెక్కలు చదువుకుని ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్న అమ్మాయి, ఇంకా ఇద్దరు ముగ్గురు మిత్రులు. ఒకరు ఒక వాక్యం చెబుతారు, మిగతావాళ్లు ఎపిసోడ్ పేరు చెప్పాలి. పాత్రల పేర్లు, ఓడ పేరు, టైటిల్లోని మాటలు క్లూలో రాకూడదు. మేం రెండు సీరియళ్లే పెట్టుకున్నాం: 1959 నుంచి 1964 దాకా వచ్చిన వింత కథల సీరియల్ ట్విలైట్ జోన్, 1966 నుంచి 1969 దాకా వచ్చిన, ఒక అంతరిక్ష ఓడ సిబ్బంది కథలు చెప్పే మొదటి స్టార్ ట్రెక్. అందులో 156, ఇందులో 79 ఎపిసోడ్లు. కొత్తగా ఆడేవాళ్లకు ఇవి చాలా ఎక్కువ. స్టార్ ట్రెక్ ఒక్క సీజన్‌తో మొదలుపెట్టండి.

క్లూ వినగానే ముందు సీరియల్ ఏదో తేల్చుకోవాలి. ట్విలైట్ జోన్‌లో ప్రతి వారం కొత్త మనుషులు, కొత్త కథ. క్లూలో ఒంటరి మనిషి, అతని భయం, మామూలు ఇల్లో ఆఫీసో వినిపిస్తే సాధారణంగా అటే. కెప్టెనో డాక్టరో తొంగిచూస్తే స్టార్ ట్రెక్. పై క్లూలో కెప్టెన్ ఉన్నాడు కాబట్టి సగం పని అయిపోయింది.

తర్వాత, వాక్యంలో మిగతావాటితో కలవని ముక్క ఏదో చూడాలి. ఇక్కడ అది పదకొండు. క్లూలో అంకె ఉందంటే దాన్ని వదలొద్దు, లెక్క వేసి చూడండి. పదకొండుని అలా ఆరుసార్లు గుణిస్తే 17,71,561 వస్తుంది. 'ద ట్రబుల్ విత్ ట్రిబుల్స్'లో ఓడ సైన్స్ అధికారి స్పాక్ చెప్పే అంకె సరిగ్గా ఇదే. ట్రిబుల్ అంటే బొచ్చు ఉండలాంటి జీవి, అది పన్నెండు గంటలకోసారి పదేసి పిల్లల్ని పెడుతుంది. తల్లితో కలిపి పదకొండు, తర్వాత ఆ పదకొండూ అలాగే పెడతాయి. మూడు రోజులంటే ఆరు కాన్పులు. కెప్టెన్ కర్క్ ధాన్యం గది తలుపు తెరవగానే ఆ బొచ్చు ఉండలన్నీ అతని నెత్తిన కురుస్తాయి. 1967లో టీవీ కోసం రాసిన ఒక సరదా సీనులో లెక్క ఇంత పక్కాగా ఉండటం నాకు ఇప్పటికీ ముచ్చటే. క్లాసులో ఘాతాలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే వాడతాను.

అంకెలు లేకపోతే వస్తువుల్ని పట్టుకోండి. "గంధకం, బొగ్గు, సురేకారం, వెదురు బొంగు, గుండ్లకు బదులు వజ్రాలు." దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరినవాళ్లకు మొదటి మూడూ వినగానే మందుగుండు అని తెలిసిపోతుంది. మందు ఉంది, గొట్టం ఉంది, అంటే ఎవరో ఫిరంగి తయారు చేస్తున్నారు. ఎవరి మీదికి? గోర్న్ అనే బల్లిలాంటి గ్రహాంతర జీవి మీదికి. ఎపిసోడ్ 'అరీనా'. వస్తువుల్ని విడివిడిగా గుర్తుచేసుకోవడం కంటే, వాటన్నిటితో కలిపి ఏం చేయొచ్చో ఆలోచిస్తే జవాబు త్వరగా దొరుకుతుంది.

ఇక క్లూ కట్టడం. అసలు కష్టం ఇక్కడే, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. మీ వాక్యం ఇంకో ఎపిసోడ్‌కి సరిపోతుందేమో చూడకుండా ఇవ్వొద్దు. "పెళ్లాం పక్కనే ఉంది, అయినా షాట్నర్‌కి భయం తగ్గలేదు" అన్నామనుకోండి. విలియం షాట్నర్ కర్క్ వేషం వేయకముందే ట్విలైట్ జోన్‌లో రెండుసార్లు కనిపించాడు, రెండింటిలోనూ పక్కన భార్య ఉంది. 1960లో 'నిక్ ఆఫ్ టైమ్', 1963లో 'నైట్‌మేర్ ఎట్ 20,000 ఫీట్'. "చిల్లర వేస్తే జవాబు చెబుతుంది, టేబుల్ వదిలి లేవలేడు" అంటే మొదటిది తప్ప ఇంకోటి కాదు.

బర్జెస్ మెరెడిత్ అనే నటుడి విషయంలో ఇంకా జాగ్రత్త. 'టైమ్ ఇనఫ్ ఎట్ లాస్ట్'లో అతను పుస్తకాల పిచ్చి ఉన్న బ్యాంకు ఉద్యోగి, 'ది అబ్సొలీట్ మ్యాన్'లో లైబ్రేరియన్. "పుస్తకాలంటే ప్రాణం" అంటే రెండూ తగులుతాయి. "మధ్యాహ్నం భోజనం వేళ బ్యాంకు లాకర్ గదిలో కూర్చున్నాడు, బతికిపోయాడు" అంటే మొదటిది. "తన చావు చూడటానికి అతిథిని పిలిచి తలుపుకి తాళం వేశాడు" అంటే రెండోది.

స్టార్ ట్రెక్ రెండో సీజన్‌లో భూమి చరిత్రను అచ్చు గుద్దినట్టుండే గ్రహాలు కనీసం మూడు వస్తాయి: షికాగో ముఠాలు, నాజీలు, రోమన్లు. "తెలిసిన చరిత్ర, తెలియని గ్రహం" అంటే ఆడేవాళ్లు ఎటూ తేల్చుకోలేరు. "ఎవరో పుస్తకం వదిలేసి వెళ్లారు, వందేళ్లకు ఊరంతా రౌడీలే" అంటే 'ఎ పీస్ ఆఫ్ ది యాక్షన్' ఒక్కటే. కథకు కారణమైన వస్తువుని క్లూలో పెడితే వేరే కథ దానికి అతకదు.

మరీ తేలిక కూడా వద్దు. "సైన్స్ అధికారికి గడ్డం" అంటే చూసినవాళ్లు నోరు తెరిచేలోపే 'మిర్రర్, మిర్రర్' అంటారు. మొదటి క్లూకి ఎవరూ చెప్పకపోతే రెండోది ఇవ్వండి, దానికి సగం పాయింట్లు. మూడోది వద్దు. "మాస్టారూ, ఇంకొక్కటి" అని డల్లాస్ అమ్మాయి ఎంత బతిమాలినా నేను ఇవ్వను, ఎందుకంటే రెండో క్లూ తర్వాత ఆలోచించడం ఆగి ఊహించడం మొదలవుతుంది.

ఒక్క నియమం మాత్రం నేను ఎవరికోసమూ సడలించను. ట్విలైట్ జోన్ ముగింపుని క్లూలో వాడకూడదు. 'ది ఇన్వేడర్స్'లో ఆగ్నెస్ మూర్‌హెడ్ ఒక్క మాట కూడా మాట్లాడకుండా కథంతా మోస్తుంది. చివర్లో తెలిసే సంగతితోనే అప్పటిదాకా చూసిందంతా తలకిందులవుతుంది. అది ఇక్కడ కూడా రాయను. "ఒంటరి ఇల్లు, ఒంటరి ఆడమనిషి, ఇంటికప్పు మీద చప్పుడు" అంటే చాలు. చూసినవాళ్లు పట్టేస్తారు, చూడనివాళ్లకు కథ మిగులుతుంది.

మీ వాళ్లతో మొదలుపెట్టడానికి రెండు క్లూలు ఇస్తున్నాను. రెండూ స్టార్ ట్రెక్ మొదటి సీజన్‌వే.

"ఒకడు చొక్కా విప్పి కత్తి పట్టాడు, ఇంకొకడు ఇంజిన్ గదికి గడియ పెట్టి పాట అందుకున్నాడు."

"డాక్టరు తాపీపని చేశాడు, తల్లి బతికింది, గనికి లాభం వచ్చింది."