ఇంట్లో సొంత నాస్ – 5వ పాఠం: ముందు పోర్టులు మూయండి

పోయిన పాఠంలో నాస్‌లో (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి ఫైళ్లు దాచుకునే పెట్టె) లాగ్ సెంటర్ తెరిచి కనెక్షన్ లాగ్ ఒకసారి చూడమన్నాను. అడ్మిన్ పేరుతో ఎక్కడెక్కడి ఐపీల నుంచో లాగిన్ ప్రయత్నాలు విఫలమైనట్టు కొందరికి కనిపించి ఉంటుంది. ఎవరో మీ ఇంటి మీదే కన్నేశారని టెన్షన్ పడకండి. ఇంటర్నెట్‌లోని అడ్రస్‌లన్నిటినీ ప్రోగ్రాములు రాత్రీ పగలూ తడుముతూనే ఉంటాయి. 5000, 5001 పోర్టుల్లో (పరికరంలోకి వెళ్లే నంబరు తలుపులు) జవాబు వస్తే అక్కడున్నది సైనాలజీ కంపెనీ నాస్ పెట్టె అయి ఉంటుందని పోల్చుకుని, తెలిసిన పాస్‌వర్డ్‌లన్నీ వేసి చూస్తాయి.

ఆ ఐపీలన్నీ రాసుకుని ఒక్కొక్కటే బ్లాక్ చేద్దామనిపిస్తుంది. అది బెల్లం గిన్నె మీద మూత పెట్టకుండా ఈగలు తోలడమే. 2021 ఆగస్టులో స్టెల్త్‌వర్కర్ అనే బాట్‌నెట్ గురించి సైనాలజీ హెచ్చరించింది. ఆ దాడులు చేసినవి అప్పటికే మాల్‌వేర్ సోకిన వేరేవాళ్ల పరికరాలు. ఒక ఐపీని ఆపితే ఇంకోటి వస్తుంది.

పాస్‌వర్డ్ ఊహించడం ఒక రకం దాడి మాత్రమే. రెండో రకానికి పాస్‌వర్డ్‌తో పనే లేదు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే ప్రోగ్రాము) క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెల్లోకి దూరి, ఫైళ్లను పాస్‌వర్డ్ ఉన్న సెవెన్-జిప్ ఫైళ్లుగా మార్చేసి 0.01 బిట్‌కాయిన్ అడిగింది. దానికి దారి ఇచ్చింది బ్యాకప్ యాప్‌లోని లోపం. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే ఇంకో రాన్సమ్‌వేర్ ఆ పెట్టెల మీదికే వచ్చి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. సాఫ్ట్‌వేర్ లోపంలోంచి వచ్చేవాడు లాగిన్ పేజీ దాకా రానే రాడు. మీ పాస్‌వర్డ్ ఎంత పొడవైనా, ఓటీపీ ఉన్నా వాడికి అడ్డు కాదు. అందుకే ఈ పాఠంలో మొదటి పని నాస్‌లో కాదు, రౌటర్‌లో.

రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వర్డింగ్ లేదా వర్చువల్ సర్వర్ అనే చోటికి వెళ్లండి. నాస్ ఐపీకి దారి చూపించే వరుసలన్నీ తీసేయండి. తర్వాత యూపీఎన్‌పీ ఆపండి. ఇది ఆన్‌లో ఉంటే ఇంట్లో ఏ పరికరమైనా మిమ్మల్ని అడక్కుండానే రౌటర్‌లో పోర్టు తెరిపించగలదు. నాస్‌లో కూడా కంట్రోల్ ప్యానెల్, ఎక్స్‌టర్నల్ యాక్సెస్, రౌటర్ కాన్ఫిగరేషన్‌లో పాత రూల్స్ ఉంటే చెరిపేయండి. పోర్టు నంబర్ 5001 నుంచి వేరేదానికి మారిస్తే లాగ్‌లో రద్దీ తగ్గుతుంది కానీ లోపం అలాగే ఉంటుంది. దాన్ని నేను రక్షణ కింద లెక్కపెట్టను.

రౌటర్‌లో కనిపించే వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరు సీజీ-నాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రస్‌ను చాలా ఇళ్లకు పంచడం) వెనక ఉన్నట్టు. అప్పుడు బయటివాళ్లు ఐపీవీ4 (పాత రకం ఐపీ అడ్రస్‌లు) మీద నేరుగా రాలేరు. అంతమాత్రాన నిశ్చింతగా ఉండకండి. కొత్త రకమైన ఐపీవీ6 ఉంటే నాస్‌కి సొంత పబ్లిక్ అడ్రస్ రావచ్చు. రౌటర్‌లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో తప్పకుండా చూడండి.

మరి అమెరికాలో ఉన్న అమ్మాయి ఇంటి ఫొటోలు చూడాలంటే? టెయిల్‌స్కేల్ పెట్టండి. మీ పరికరాల మధ్య మాత్రమే సొంత దారి వేసే వీపీఎన్ యాప్ ఇది. ప్యాకేజ్ సెంటర్ నుంచి నాస్‌లోనూ, యాప్ స్టోర్ నుంచి తన ఫోన్‌లోనూ వేసి, రెండూ మీ టెయిల్‌స్కేల్ నెట్‌వర్క్‌లో చేరాలి. రౌటర్‌లో ఒక్క పోర్టు కూడా తెరవక్కర్లేదు, సీజీ-నాట్ వెనక కూడా పనిచేస్తుంది. దీని అడుగున ఉన్నది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి. 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6లో చేరింది. బయటి నుంచి నాస్ తెరవడానికి సైనాలజీ ఇచ్చే క్విక్‌కనెక్ట్ తేలికే కానీ, ఆ ఐడీ తెలిసిన ఎవరికైనా లాగిన్ పేజీ కనిపిస్తుంది. నా ఓటు టెయిల్‌స్కేల్‌కే.

ఇప్పుడు నాస్ లోపలికి రండి. వేరే పేరుతో కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరవండి. దానితో లాగిన్ అయి అన్నీ తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే పాత అడ్మిన్‌ను డిసేబుల్ చేయండి. తొందరపడి వరుస తప్పితే సొంత నాస్‌లోకి మీరే వెళ్లలేరు. తర్వాత ఓటీపీ పెట్టండి. నాస్ గడియారం తప్పుగా ఉంటే ఓటీపీ కుదరదు కాబట్టి ముందు టైమ్ సర్వర్‌తో కలపండి. సెక్యూరిటీలో ప్రొటెక్షన్ కింద ఆటో బ్లాక్ ఆన్ చేసి, 5 నిమిషాల్లో 5 తప్పులకు పెట్టండి. అప్‌డేట్‌లు వాయిదా వేయకండి. 2014లో సైనాలజీ పెట్టెల మీదికి వచ్చిన సైనోలాకర్ రాన్సమ్‌వేర్ దెబ్బ తిన్నవి పాత వెర్షన్లు. ఆ లోపానికి మందు 2013 డిసెంబరులోనే వచ్చింది.

ఈ వారం అభ్యాసం: ఫోన్‌లో వైఫై, టెయిల్‌స్కేల్ రెండూ ఆపి, మొబైల్ డేటా మీద మీ ఇంటి పబ్లిక్ ఐపీని 5000, 5001 పోర్టులతో తెరవండి. పేజీ రాకూడదు. వస్తే ఏదో రూల్ ఇంకా మిగిలి ఉంది, మళ్లీ రౌటర్‌కి వెళ్లండి. రాకపోతే టెయిల్‌స్కేల్ ఆన్ చేసి, నాస్ టెయిల్‌స్కేల్ ఐపీతో తెరవండి. ఈసారి రావాలి. వారం తర్వాత లాగ్ మళ్లీ చూడండి. బయటి ఐపీల ప్రయత్నాలు ఆగిపోయి ఉండాలి. ఇంట్లోని ఐపీ నుంచే తప్పుడు లాగిన్‌లు కనిపిస్తే మాత్రం ఆ కంప్యూటర్‌ని వెంటనే నెట్‌వర్క్ నుంచి తీసేసి పరీక్షించండి. అలా లోపల్నుంచే ఫైళ్లు పాడైతే వెనక్కి తెచ్చుకునే స్నాప్‌షాట్‌ల సంగతి 6వ పాఠంలో.