ఉపవాస ప్రార్థనకు ముందు ఇంట్లో చెప్పండి, డాక్టరుకి చెప్పండి

ఈ మధ్య మా సహవాసంలో ఒక అక్క ఉపవాస ప్రార్థనలో ఉండగా గదిలోనే పడిపోయారు. ఆమె షుగర్ పేషెంట్. పొద్దున్నే మాత్ర వేసుకున్నారు, ఏమీ తినలేదు, తలుపు వేసుకుని మోకరించారు. ఉపవాసం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ప్రార్థనలో ఉన్న మనిషిని కదిలించకూడదని సాయంత్రం దాకా ఎవరూ తలుపు తట్టలేదు. చివరికి తలుపు తీసి చూస్తే స్పృహ లేదు. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది కానీ, ఆమె మాట ఇప్పటికీ తడబడుతోంది. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమకాలం దగ్గర పడుతోంది, చాలామంది ఉపవాస తీర్మానాలు చేసుకుంటున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నీరసంగా ఉంటే కాసేపు పడుకోండి, ఎండలో తిరగకండి లాంటివి అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. నేను చూసినంతలో మనుషుల్ని ముంచే తప్పు ఒకటుంది. ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉండటం.

రహస్యం అంటే ఏమిటి

మత్తయి సువార్త ఆరో అధ్యాయం చదివి చాలామంది ఈ పొరపాటు చేస్తున్నారు. ఉపవాసం చేసేటప్పుడు వేషధారుల్లా ముఖం వికారం చేసుకోవద్దు, తల అంటుకుని ముఖం కడుక్కో, రహస్యమందున్న తండ్రికే కనబడేలా చెయ్యి అని యేసు ప్రభువు చెప్పారు. ఆయన కోప్పడింది నలుగురిలో గొప్ప కోసం చేసే ప్రదర్శన మీద. మనల్ని కనిపెట్టుకుని ఉండేవాళ్ల దగ్గర దాచమని ఆ మాటలకు అర్థం కాదు. ఎస్తేరు రాణి ఉపవాసం మొదలుపెట్టే ముందు తనని పెంచిన మొర్దెకైకి కబురు పంపింది, ఆమె దాసీలు కూడా ఆమెతో ఉపవాసం ఉన్నారు. యెహోషాపాతు రాజు యూదా అంతటా ఉపవాసం చాటించాడు. భార్యాభర్తలు ప్రార్థన కోసం కొంతకాలం ఎడంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతీ ఉండాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఇంట్లో చెబితే ఉపవాసం ఫలం పోతుందని బైబిల్లో ఎక్కడా లేదు.

కాబట్టి ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి. ఎప్పుడు మొదలుపెడుతున్నారు, ఎప్పుడు విరమిస్తారు, ఏం తాగుతారు, ఏ మందులు వాడుతున్నారు, ఇవన్నీ వాళ్లకి తెలియాలి. కొన్ని గంటలకోసారి వచ్చి పలకరించమనండి. పలకకపోతే లోపలికి రమ్మనండి. ఒంటరిగా ఉండేవాళ్లు సంఘంలో ఒకరికి చెప్పి, రోజూ ఫోన్ చేయమని అడగండి. ఫోన్ ఎత్తకపోతే వాళ్లు ఇంటికి రావాలని కూడా ముందే అనుకోండి.

మందుల సంగతి

రెండో మాట డాక్టరుకి. రోజూ మందు వేసుకునేవాళ్లు ఎవరైనా సరే, డాక్టరుకి చెప్పకుండా ఉపవాసం మొదలుపెట్టకండి. చాలామంది డాక్టరు వద్దంటారేమోనన్న భయంతో చెప్పరు. నిజానికి చాలాసార్లు డోసు మార్చి, వేళ మార్చి, ఒక పూట ఉపవాసానికి దారి చూపిస్తారు. వద్దని గట్టిగా అంటే దానికి కారణం ఉంటుంది.

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్, మీరు తిన్నారా లేదా అని చూడవు. తినకపోయినా షుగర్‌ని దించుతూనే పోతాయి. అక్కకి జరిగింది అదే. అలాగని సొంతంగా మానేస్తే అది ఇంకో ప్రమాదం. టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ పూర్తిగా ఆపితే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. తిండి మానినప్పుడు మీటర్ మీద అంకె మామూలుగానే కనిపిస్తున్నా ఇదే ఆమ్లాల ప్రమాదం రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే ఉపవాసం వల్లే అనుకుని కూర్చోకండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే బీపీ మాత్రలు వాడుతూ నీళ్లు తగ్గిస్తే లేవగానే కళ్లు తిరిగి పడిపోతారు. మనసు జబ్బుకి లిథియం వాడేవాళ్లకి ఒంట్లో నీరు తగ్గితే ఆ మందే విషమవుతుంది.

విశ్వాసం ఉంటే మాత్రలెందుకు అని అడిగేవాళ్లు ఉంటారు. పౌలు ప్రయాణాల్లో ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడు. పౌలే అతన్ని ప్రియమైన వైద్యుడు అని రాశాడు. ఇంతకంటే నేను చెప్పేదేమీ లేదు. డాక్టరుకి చెప్పండి.

విరమించే రోజు

ఉపవాసం మొదటి రోజు గురించి అందరూ మాట్లాడతారు, ముగిసే రోజు గురించి ఎవరూ మాట్లాడరు. ఐదు రోజులు దాటి దాదాపు ఏమీ తినకుండా ఉన్న మనిషి ఒక్కసారిగా కడుపునిండా తింటే ప్రాణానికే ప్రమాదం. తిండి పడగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో ఉన్న ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో కొందరు ఆకలితో చావక, తిండి దొరికాక చనిపోయారు. అందుకని మొదటి రెండు రోజులు మామూలుగా తినేదాంట్లో సగం మించకూడదు. అది కూడా కొంచెం కొంచెంగా, పలుచటి ఆహారంతో మొదలుపెట్టాలి. సన్నగా ఉన్నవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు, ఐదు రోజుల కంటే ముందే ఆపినా సరే, విరమించే విధానం డాక్టరుని అడగాలి. ముగింపు ఆరాధన తర్వాత ప్రేమ విందు పెట్టే సంఘాలు ఈ మాట ముందే ప్రకటించాలి. మందుల డోసు మళ్లీ మార్చాలి కాబట్టి డాక్టరుకి రెండోసారి చెప్పండి.

ఇక మిగిలినవి.

- నీళ్లు మానకండి. ఎస్తేరు మూడు రోజులు, మోషే నలభై రోజులు నీళ్లు తాగకుండా ఉన్నారు కదా అని లెక్కలు వేయకండి. మోషే ఉన్నది సీనాయి కొండ మీద, దేవుని సన్నిధిలో.
- మాంసం, రుచులు మాని సాదా తిండితో ఉండటం కూడా ఉపవాసమే. దానియేలు మూడు వారాలు అలాగే ఉన్నాడు. ఆరోగ్యం బాగాలేనివాళ్లకి ఇదే మంచి దారి.
- ఏలీయా నలభై రోజులు నడిచే ముందు దేవదూత అతన్ని లేపి రెండుసార్లు తినిపించాడు. ముందు రోజు భోజనం మానేసి మొదలుపెట్టకండి.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు తిండి మానకూడదు. కాథలిక్ సంఘం 18 ఏళ్లు నిండనివాళ్లని, 60వ ఏట అడుగుపెట్టినవాళ్లని ఉపవాస నియమం నుంచి తప్పించింది. మీ పదేళ్ల పిల్లతో తీర్మానం చేయించకండి.
- బరువు భయంతో తిండి మానేయడం లాంటి జబ్బు ఒకప్పుడు వచ్చి కోలుకున్నవాళ్లు ఉపవాసం జోలికి పోకండి. తిండికి బదులు ఫోన్, టీవీ మానండి.
- ఖాళీ కడుపున నొప్పి మాత్రలు వేసుకోకండి.
- గదికి లోపల గడియ పెట్టకండి.
- రాత్రంతా ప్రార్థన చేసి తెల్లారి బండి నడపకండి.
- షుగర్ మాత్రలు వాడేవాళ్లు మీటర్ పక్కన పెట్టుకోండి. చెమటలు, వణుకు, తడబాటు వస్తే చూడండి. కొన్ని బీపీ, గుండె మాత్రలు గుండె దడని తెలియనివ్వవు, కాబట్టి దడ లేదని ధైర్యపడకండి. 70 కంటే తక్కువుంటే ఉపవాసం అయిపోయినట్టే. 15 గ్రాముల చక్కెర నీళ్లలో కలిపి తాగండి, 15 నిమిషాలకి మళ్లీ చూడండి. ఇంకో పాట అయ్యాక అనకండి.
- పాస్టరుగారూ, ఎవరు మధ్యలో విరమించారో సంఘంలో చేతులెత్తించి లెక్కపెట్టకండి. దానివల్లే జనం అబద్ధం చెప్పి ఉపవాసంలో ఉండిపోతున్నారు. పేర్లు రాసుకునే రోజే మందుల గురించి అడగండి.
- ఇంట్లో చెప్పవద్దు, డాక్టరు దగ్గరికి వెళ్లవద్దు అని ఏ బోధకుడైనా అంటే ఆ గుంపులోంచి వచ్చేయండి. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో 400 మందికి పైగా మృతదేహాలు తవ్వి తీశారు. ఆకలితో చనిపోతే యేసును చేరతామన్న బోధ నమ్మి అక్కడికి వెళ్లినవాళ్లని దర్యాప్తులో తేలింది. వాళ్లలో పిల్లలూ ఉన్నారు.
- ఇంట్లో చెప్పండి. డాక్టరుకి చెప్పండి. ఇది మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే చదివి కూడా చెప్పనివాళ్లు ఉంటారు.
- ఎవరైనా స్పృహ తప్పితే నోట్లో నీళ్లు గానీ చక్కెర గానీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్సు పిలవండి. చుట్టూ చేరి ప్రార్థిస్తూ ఆలస్యం చేయకండి, దారిలో ప్రార్థించండి. వాళ్లు వాడే మాత్రల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి. ఎన్ని రోజులుగా తినలేదో, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారో దాచకుండా ఆసుపత్రిలో చెప్పండి.