జాకెట్‌లో గాలి: కొత్త స్కూబా డైవర్‌కు తోడుండేవారు తెలుసుకోవలసినవి

చెన్నైలో స్కూబా నేర్చుకునే మనవాళ్లు చాలామంది ముందు ఈతకొలనులో సాధన చేసి, ఆ తరువాత సముద్రంలో దిగుతారు. కొలనులో చక్కగా మునిగినవారు సముద్రంలో మునగలేక కాళ్లు కొట్టుకుంటుంటే, అది వారి చేతకానితనం కాదని మొదట చెప్పాలి. ఉప్పునీటి సాంద్రత మంచినీటి సాంద్రత కంటే సుమారు రెండున్నర శాతం ఎక్కువ కాబట్టి, మనిషీ సామగ్రీ కలిసి 90 కిలోలు ఉంటే సముద్రంలో అదనంగా 2 కిలోలకు పైగా సీసం (మునగడానికి ఒంటికి కట్టుకునే బరువు) కావలసి వస్తుంది.

అందువల్ల ఏ నీటిలో దిగుతారో ఆ నీటిలోనే బరువు సరిచూడాలి. నీటిపైన నిటారుగా ఉండి, జాకెట్ (గాలి నింపుతూ, వదులుతూ తేలడాన్ని అదుపు చేసుకునే చొక్కా) లోని గాలి అంతా వదిలేసి, మామూలుగా పీల్చిన ఊపిరిని కాసేపు నిలిపితే నీటిమట్టం కళ్ల దగ్గర ఆగాలి; ఊపిరి వదలగానే మనిషి మెల్లగా మునగాలి. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ పీడనం వద్ద ఉండే గాలే దాదాపు 3 కిలోలు తూగుతుంది. అది ఖర్చయ్యేకొద్దీ మనిషి తేలికవుతాడు కనుక, నిండు సిలిండర్‌తో సరిచూసినప్పుడు సుమారు 2 కిలోలు కలపాలి. భయం కొద్దీ అంతకుమించి కట్టడం మాత్రం మంచిది కాదు: ఎక్కువ బరువును నిలపడానికి ఎక్కువ గాలి నింపవలసి వస్తుంది, ఆ గాలే తరువాత ప్రమాదం తెస్తుంది.

ఎలాగంటే, 10 మీటర్ల లోతున పీడనం నీటిపైన ఉన్నదానికి రెట్టింపు. అక్కడ జాకెట్‌లో ఉన్న 3 లీటర్ల గాలి పైకి వచ్చేసరికి 6 లీటర్లవుతుంది, మనిషిని అంతకంతకూ వేగంగా పైకి లాగేస్తుంది. కొత్తవారు ఇన్‌ఫ్లేటర్ (సిలిండర్ గాలిని జాకెట్‌లోకి పంపే సాధనం) బొత్తాన్ని లిఫ్ట్ బొత్తాంలా నొక్కుతారు. పీడనం తగ్గేకొద్దీ గాలి వ్యాకోచిస్తుందనే బాయిల్ నియమాన్ని బడిలో వల్లించినవారు కూడా ఇందుకు మినహాయింపు కాదు. కొద్దికొద్దిగా నొక్కి, ప్రతిసారీ నాలుగైదు క్షణాలు ఆగి చూడమనాలి. పైకి రావడం జాకెట్‌ను ఉబ్బించి కాదు, కాళ్ల ఫిన్‌లతో ఈదుతూ, గాలి వదులుతూ రావాలి. గాలి ఎప్పుడూ ఎత్తైన చోటుకే చేరుతుంది కనుక నిటారుగా ఉండి, ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని ఎడమచేత్తో తలపైకి ఎత్తితేనే అది బయటికి పోతుంది. నిమిషానికి 9 మీటర్లు మించకుండా వచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. దారిలో ఎక్కడా ఊపిరి బిగబట్టకూడదు. ఒకటి రెండు మీటర్ల ఎత్తు తేడాలోనే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు.

ఒకసారి కొలనులో నేను తోడున్న కుర్రవాడి ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కుని ఆగకుండా గాలి నింపసాగింది. అతడు కంగారులో అదే బొత్తాన్ని మళ్లీ మళ్లీ నొక్కాడు. చేయవలసింది వేరు: ఒక చేత్తో గాలి వదిలే బొత్తాన్ని నొక్కిపట్టి, రెండో చేత్తో సిలిండర్ నుంచి వచ్చే సన్నని గొట్టాన్ని ఊడదీయాలి. కళ్లు మూసుకుని కూడా చేయగలిగేంతవరకు దీన్ని కొలనులో సాధన చేయించాలి. ఆ తరువాత గాలి కావాలంటే నోటితో ఊదుకోవచ్చు.

ఇన్‌ఫ్లేటర్ ఇరుక్కోవడానికి తరచుగా కారణం ఎండిన ఉప్పే. సముద్రం నుంచి వచ్చిన ప్రతిసారీ జాకెట్‌ను బయటా లోపలా మంచినీటితో కడిగి, తలకిందులుగా పట్టి నీరంతా వంచేసి, కొంచెం గాలి నింపి నీడలో ఆరబెట్టాలి. మళ్లీ దిగేముందు నిండుగా ఊది, కొన్ని నిమిషాలు ఆగి గాలి కారుతోందేమో చూసి, వదిలే వాల్వులన్నిటినీ ఒక్కొక్కటిగా లాగి పరీక్షించాలి.