హీట్‌సింక్ బిగించాక ర్యామ్ మరింత వేడెక్కుతోందా? కారణం పట్టుకునే పద్ధతి

లక్షణం

విడిగా కొన్న హీట్‌సింకులను (వేడిని లాగే లోహపు పలకల జతలను) ర్యామ్ స్టిక్కులకు, అంటే మెమరీ చిప్పులున్న సన్నని బోర్డులకు, బిగించిన తరువాత కంప్యూటర్ మామూలుగానే మొదలవుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు ఏ ఇబ్బందీ ఉండదు. ఆపైన ఆట మధ్యలో ఆగిపోవడమో, నీలి తెర రావడమో, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్‌86 ప్రోగ్రాములో ఎర్రర్లు వరుసకట్టడమో జరుగుతుంది. చల్లారనిచ్చి మళ్లీ నడిపితే అదే స్టిక్ అదే పరీక్షలో మొదటి దశలను తప్పు లేకుండా దాటుతుంది. ఈ రెండూ కలిసి కనిపిస్తే వేడినే అనుమానించాలి.

కొత్త తరం ర్యామ్ అయిన డీడీఆర్5 స్టిక్ మీద సెన్సర్ ఉంటుంది కనుక హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రాములో ఉష్ణోగ్రత చూసుకోవచ్చు. అంతకుముందు తరం డీడీఆర్4లో చాలావాటికి అది ఉండదు. అలాంటప్పుడు క్యాబినెట్ పక్క పలక తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి, ఎర్రర్లు ఆగుతున్నాయేమో చూడాలి. చిప్పుల మామూలు పరిధి 85 డిగ్రీల వరకు అని ప్రమాణాల్లో ఉన్నా, ఎక్స్‌ఎంపీతో (ర్యామ్ వేగాన్ని, వోల్టేజిని పెంచే బయోస్ సెట్టింగుతో) వేగం పెంచిన స్టిక్కులు 60 డిగ్రీలు దాటకముందే పరీక్షలో తప్పడం నేను చాలాసార్లు చూశాను.

అన్నిటికన్నా ముందు

చిప్పుల వేడిని హీట్‌సింక్‌కు చేర్చే మెత్తని పట్టీ అయిన థర్మల్ ప్యాడ్‌కు రెండు వైపులా రక్షణ పొర ఉంటుంది. నీలిరంగు పొర కంటికి కనిపిస్తుంది కాబట్టి అందరూ తీస్తారు. రెండో వైపున్న పారదర్శకమైన పొర చాలామంది చేతిలో అలాగే ఉండిపోతుంది. బయోస్‌లో వోల్టేజి తగ్గించి, కొత్త ఫ్యాన్లు కొని, చివరికి స్టిక్కునే మార్చబోయే ముందు కూడా ఈ పొరను చూడనివారు ఎందరో ఉన్నారు. దయచేసి ఇది చూసిన తరువాతే మిగతాది చదవండి.

నన్ను దెబ్బతీసిన కారణం

ఒక మిత్రుడి యంత్రంలో రెండు 16 జీబీ డీడీఆర్5 స్టిక్కులకు నేనే హీట్‌సింకులు బిగించాను. పొరలు రెండూ తీశాను, క్లిప్పులు గట్టిగానే పట్టాయి, అయినా ఉష్ణోగ్రత మునుపటి కన్నా పెరిగింది. మూడు సాయంత్రాలు ఫ్యాన్ల దిశ మార్చడంలోనే గడిచిపోయాయి. చివరికి హీట్‌సింక్ పలకలు విప్పి ప్యాడ్‌ను దీపం కింద పెట్టి చూస్తే, ఎనిమిది చిప్పుల చదరపు అచ్చులు పడవలసిన చోట రెండే, అవీ అంచుల్లో మాత్రమే ఉన్నాయి. మధ్యలో కాయిల్ (స్టిక్ మీది విద్యుత్ భాగాల్లో ఒకటైన తీగచుట్ట) తగిలిన చోట మాత్రం ప్యాడ్ లోతుగా నొక్కుకుపోయింది. పలక మొత్తం ఆ కాయిల్ మీదే ఆనుకుని, చిప్పులకు తగలకుండా నిలబడిందన్నమాట.

దీనికి రెండు కారణాలు కలుస్తాయి. 16 జీబీ డీడీఆర్5 స్టిక్కుల్లో ఎక్కువ వాటికి చిప్పులు ఒక వైపే ఉంటాయి, కానీ విడిగా అమ్మే పలకల జత చాలావరకు రెండు వైపులా చిప్పులున్న స్టిక్ మందానికి సరిపోయేలా తయారవుతుంది. వెనుక వైపు చిప్పుల ఎత్తు లేకపోవడంతో సుమారు ఒక మిల్లీమీటరు ఖాళీ మిగిలి, పలకలు ఒకదానినొకటి లాగి పట్టుకోలేక వదులవుతాయి. రెండవది, డీడీఆర్5లో 5 వోల్టులను 1.1 వోల్టులకు దించే పవర్ చిప్, దాని కాయిల్ స్టిక్ మీదే ఉంటాయి, వాటి ఎత్తు మెమరీ చిప్పుల ఎత్తుతో సమానంగా ఉండాలని లేదు. అంతకుముందు చిప్పులను నేరుగా తాకిన గాలిని ఇప్పుడు పలక అడ్డుకుంటుంది. లోపల చిక్కిన సన్నని గాలిపొర వేడిని బయటికి పోనివ్వదు. అందుకే హీట్‌సింక్ లేనప్పటి కన్నా ఉన్నప్పుడే వేడి ఎక్కువవుతుంది.

పరిష్కారం ప్యాడ్ మందాన్ని సరిచేయడమే. చిప్పుల వైపు 0.5 మిల్లీమీటర్ల ప్యాడ్ ఉంటే, చిప్పులు లేని వైపు 1.5 మిల్లీమీటర్ల మెత్తని ప్యాడ్ వేయాలి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి కొంటే మరీ మంచిది. కాయిల్ ఎత్తుగా ఉంటే అక్కడి ప్యాడ్‌ను కత్తిరించి సన్నని ముక్క అతికించండి, అయితే లోహం మాత్రం నేరుగా తగలకూడదు. తరువాత బిగించి, పది నిమిషాలు ఉంచి, విప్పి చూడండి: ప్రతి చిప్ అచ్చూ నాలుగు అంచులతో స్పష్టంగా కనిపించాలి. అచ్చు పడలేదని స్క్రూలను బలవంతంగా తిప్పవద్దు, బోర్డు వంగి చిప్పుల కింది సోల్డర్ చిట్లుతుంది.

అచ్చు బాగానే ఉన్నా వేడి తగ్గకపోతే

నాలుగు స్లాట్లూ నింపినప్పుడు మందపాటి పలకల మధ్య గాలి దూరే సందు మిగలదు; రెండు స్టిక్కులతో పని జరిగితే సందు విడిచి పెట్టండి. ఎత్తైన హీట్‌సింక్ కోసం ప్రాసెసర్‌ను చల్లబరిచే టవర్ కూలర్ ఫ్యాన్‌ను పైకి జరిపి ఉంటే, ర్యామ్ మీదుగా పోయే గాలి తగ్గి ఉండవచ్చు. హీట్‌సింక్ పెట్టిన ధైర్యంతో అదే రోజు ఎక్స్‌ఎంపీ కూడా ఆన్ చేశారేమో గుర్తు తెచ్చుకోండి: వేడి వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే విలువను) అనుసరిస్తుంది కాబట్టి 1.1 నుంచి 1.35 వోల్టులకు వెళితే, వేగం మాట అటుంచి, వోల్టేజి వల్లనే దాదాపు సగం అదనంగా పెరుగుతుంది.

సెన్సర్ చెడిపోవడం, పవర్ చిప్‌లో లోపం వంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

చివరి పరీక్షను క్యాబినెట్ మూసి, గ్రాఫిక్స్ కార్డుకూ పని పెట్టి, కనీసం గంటసేపు నడపాలి. డిసెంబరులో ఏసీ గదిలో నెగ్గిన స్టిక్, మే నెల మధ్యాహ్నం హైదరాబాదులో ఏసీ లేని గదిలో తప్పవచ్చు, కనుక మీ గదిలో అత్యంత వేడిగా ఉండే వేళనే ఎంచుకోండి.