బ్రేకు పట్టేస్తోందా? ముందు నిపిల్ వదులు చేసి చూడండి

పెడల్ మీద నుంచి కాలు తీసినా బ్రేకు వదలకపోతే చాలామంది మొదట కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) మార్పిస్తారు. నాలుగు రోజులకు మళ్లీ అదే చక్రం కాలుతుంది. పట్టు ఎక్కడుందో తేలకుండా సామాను కొనడం దండగ. ఇక్కడ చెప్పేది బొలెరో పికప్ లాంటి పాత బండ్ల గురించి: ముందు డిస్కు, వెనక డ్రమ్ము, కాలి బలాన్ని పెంచే వాక్యూమ్ బూస్టర్ ఉండి, ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేనివి.

బ్రేకు ఎక్కువ వాడకుండా ఓ 10 కిలోమీటర్లు నడిపి, చదును రోడ్డు మీద న్యూట్రల్‌లో దానంతట అదే ఆగనివ్వండి. చక్రాలను తాకకుండా, చెయ్యి దగ్గరపెట్టి సెగ చూడండి. ముందు చక్రం ఒక్కటే కాలితే దాని కాలిపరో, హోస్ పైపో (బ్రేకు ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం). వెనక రెండూ కాలితే హ్యాండ్ బ్రేకు కేబులో, యాక్సిల్ మీదికి దిగే హోస్ పైపో. వెనక రెండు చక్రాలకూ సాధారణంగా ఆ హోస్ ఒక్కటే కాబట్టి అది మూసుకుంటే రెండు వైపులా పట్టేస్తుంది. నాలుగూ కాలితే చక్రాలు విప్పకండి, తప్పు పెడల్ వైపు ఉంది. చక్రం ఎత్తి ఊపితే ఆడినా, తిప్పితే గరగరమన్నా బేరింగ్‌ను అనుమానించండి.

అసలు పరీక్ష బ్రేకు పట్టి ఉండగానే చేయాలి. చల్లారితే కొన్నిసార్లు తానే వదిలేస్తుంది, అప్పుడేమీ తేలదు. మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, బండిని జాకీతో ఎత్తి స్టాండు మీద దించండి. నిపిల్‌కు (ఎయిర్ తీయడానికి చక్రం దగ్గర ఉండే చిన్న స్క్రూకు) సన్న గొట్టం తగిలించి, చేతికి గ్లౌజు వేసుకుని పావు చుట్టు వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందంటే ఒత్తిడి లోపల ఇరుక్కుంది. అయినా తిరగకపోతే ఇనుము దగ్గరే పట్టేసింది.

ఒత్తిడిదే తప్పయితే నిపిల్ బిగించి, పెడల్ తొక్కి మళ్లీ పట్టనిచ్చి పైకి వెళ్లండి. హోస్ పై చివర ఇనప పైపు నట్టు వదులు చేయండి. చక్రం అప్పటికీ వదలకపోతే హోస్ లోపల మూసుకుంది. బయటికి కొత్తదానిలా కనిపిస్తుంది గానీ, లోపలి రబ్బరు ఉబ్బో, పొర ఊడో వాల్వులా అడ్డుపడుతుంది. కాలి బలానికి ఆయిల్ లోపలికి దూరుతుంది, వెనక్కి రాదు. దీనికి రిపేరు లేదు, మార్చడమే.

నాలుగు చక్రాలూ పట్టినప్పుడు మాస్టర్ సిలిండర్‌ను (పెడల్ తొక్కితే చక్రాలకు ఆయిల్ నెట్టే భాగాన్ని) బూస్టర్‌కు పట్టే నట్లు వదులు చేసి, సిలిండర్‌ను 2, 3 మిల్లీమీటర్లు ముందుకు జరపండి. బ్రేకు వదిలితే పెడల్‌కు ఫ్రీ ప్లే (బ్రేకు పట్టేలోపు ఉండే ఖాళీ కదలిక) లేదన్నమాట: మాస్టర్‌ను నెట్టే పుష్ రాడ్ పొడవెక్కువైంది, లేదా బ్రేకు లైటు స్విచ్చి పెడల్‌ను పైకి రానివ్వడం లేదు, లేదా బూస్టర్ వెనక్కి రావడం లేదు. అలా వదలకుండా, మాస్టర్ దగ్గర పైపు నట్టు వదులు చేస్తేనే వదిలితే, ఆయిల్ ట్యాంకులోకి తిరిగొచ్చే సన్న రంధ్రాన్ని లోపలి రబ్బరు కప్పు ఉబ్బి మూసేసింది.

ఆ కప్పు ఎందుకు ఉబ్బుతుంది? అందరూ బ్రేక్ ఆయిల్ అంటారు గానీ అది నూనె కాదు. పేరు చూసి ఎవరో ఒకరు ఇంజిన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తారు. అనుమానముంటే ట్యాంకులోంచి నాలుగు చుక్కలు తీసి గ్లాసు నీళ్లలో వేయండి. మంచిదైతే కలిసిపోతుంది, నూనె ఉంటే పైన తెట్టు కడుతుంది. తెట్టు కనిపిస్తే ఆయిల్ మారిస్తే చాలదు, ప్రతి కప్పు, సీలు, హోస్ మార్చి ఇనప పైపులు కడగాలి. అందుకే ఈ రబ్బరు సామాన్లను పెట్రోలుతో, కిరసనాయిలుతో కడగకూడదు.

ఇక ఇనుము తప్పులు. కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు చేత్తో జారాలి. తుప్పుంటే శుభ్రం చేసి సిలికాన్ బ్రేకు గ్రీజు పూయండి, మామూలు గ్రీజు పిన్నుల మీది రబ్బరు తొడుగులను (బూట్లను) ఉబ్బిస్తుంది. కాలిపర్‌ను హోస్‌కు వేలాడనివ్వకుండా తీగతో కట్టండి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు నిపిల్ తెరిచి ఉంచితే మురికి మాస్టర్‌కు వెళ్లదు. పిస్టన్ మీద గుంటలు పడితే ఎమరీతో రుద్ది లాభం లేదు, కొత్తది వేయాలి.

వెనకైతే ముందు హ్యాండ్ బ్రేకు కేబుల్ పూర్తిగా వదులు చేసి చూడండి. డ్రమ్ము విప్పాక దుమ్మును గాలితో ఊదకండి, పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. బ్రేకు షూ (లైనర్ అంటించిన ఇనప వంపు) ఆనే ప్లేటు మీద గాడి పడిందా, స్ప్రింగులు సాగాయా, వీల్ సిలిండర్ పిస్టన్లు రెండూ కదులుతున్నాయా చూడండి.

చివరికి ట్యాంకు మూత మీద రాసిన గ్రేడు ఆయిల్, డాట్ 3 లేదా డాట్ 4, సీలు తీయని డబ్బాలోంచి పోసి ఎయిర్ తీయండి. కుడివైపు స్టీరింగ్ బండికి సాధారణ వరస వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. పెడల్ గట్టిగా నిలిచాకే రోడ్డెక్కి, మళ్లీ 10 కిలోమీటర్లు తిప్పి సెగ చూడండి.